తగాలోగ్ అంకెలు: ఏ సందర్భంలో ఏ లెక్క వాడాలి?

ప్రశ్న: క్వెజోన్ సిటీకి కొత్తగా వచ్చిన సభ్యురాలు

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగరీత్యా మేము ఇటీవలే విజయవాడ నుండి ఫిలిప్పీన్స్‌లో మనీలా మహానగరంలోని క్వెజోన్ సిటీకి వచ్చాము. ఇక్కడి కార్యాలయాలలోను, పెద్ద దుకాణాలలోను ఇంగ్లీషుతో పని జరిగిపోతున్నది. అయితే రోజూ కూరగాయలు కొనే పలేంకెలో, అంటే ఇక్కడి బజారులో, అమ్మేవారితో వాళ్ల భాష అయిన తగాలోగ్‌లోనే మాట్లాడాలని నా కోరిక. అందుకని ముందుగా అంకెలు పట్టుకున్నాను. ఇసా, దలవా, తత్లో, ఆపత్, లిమా, ఆనిమ్, పితో, వలో, సియామ్, సంపూ అని ఒకటి నుండి పది వరకు తడుముకోకుండా చెప్పగలుగుతున్నాను.

చిక్కంతా ఆ తరువాతే వచ్చింది. వంకాయల ధర అడిగితే ఒకామె "సింక్వేంతా" అంటుంది. పక్క బల్ల దగ్గర చేపలకు "వన్ ట్వెంటీ" అని చెబుతారు. బడి వ్యాను ఎన్నింటికి వస్తుందని అడిగితే "అలాస్ సియేతె" అన్నారు. నేను నేర్చుకున్న పదింటిలో ఒక్కటీ వీటిలో లేదు. పైగా రెండు మామిడిపండ్లను "దలవాఙ్ మంగా" అనేవారే నాలుగు గుడ్లను "ఆపత్ నా ఇత్లోగ్" అంటున్నారు. ఒకచోట చివర ఙ్ చేరడానికి, మరొకచోట మధ్యలో "నా" రావడానికి నియమం ఏమిటి? అసలు ఈ భాషలో ఎన్ని రకాల అంకెలు ఉన్నాయి, కొత్తగా నేర్చుకునేవారు వాటిలో దేనితో మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: మకాటీలో చాలాకాలంగా పనిచేస్తున్న సభ్యుడు

సోదరీ, మీరు విన్నవన్నీ సరైనవే. ఇక్కడివారు మూడు రకాల అంకెలను ఏకకాలంలో వాడతారు: స్వంత తగాలోగ్ అంకెలు, స్పానిష్ నుండి వచ్చినవి, ఇంగ్లీషువి. 1565 నుండి 1898 వరకు ఈ దీవులు స్పెయిన్ పాలనలో ఉన్నాయి. గడియారం, నాణెం, తేదీ వంటి వాటి లెక్క ఆ భాషలోనే స్థిరపడిపోయింది. ఆ తరువాత అమెరికా పాలనలో బడి చదువు ఇంగ్లీషులోకి మారడంతో పెద్ద సంఖ్యలు, ఫోను నంబర్లు, చిల్లర కలిసిన మొత్తాలు ఇంగ్లీషుకు వెళ్లిపోయాయి. వస్తువులను, మనుషులను లెక్కపెట్టడం మాత్రం చాలావరకు తగాలోగ్‌కే మిగిలింది. కాబట్టి మీరు నేర్చుకున్న పదీ వృథా కాదు. అవి వినబడే చోటు వేరు, అంతే.

నా అభిప్రాయంలో కొత్తవారికి అత్యుత్తమమైన పాఠ్యపుస్తకం చేతిలోని డబ్బే. ఇంట్లో ఉన్న నాణేలను, నోట్లను బల్లమీద వరుసగా పరచి, ఒక్కొక్కదానిని బజారులో ఏమంటారో ఆ పేరుతోనే పిలుస్తూ నేర్చుకోండి. 1 నాణెం కేవలం "పీసో", అంటే ఇక్కడి డబ్బు పేరే. 5ను "లిమాఙ్ పీసో" అనీ "సింకో" అనీ రెండు విధాలా అంటారు. 10 "సంపూఙ్ పీసో" లేదా "దియేస్". 20కి వచ్చేసరికి తగాలోగ్ మాట అయిన "దలవంపూ" దాదాపు వినబడదు, "బేంతె" అనే అంటారు. 50 "సింక్వేంతా". అయితే 100 దగ్గర మళ్లీ తగాలోగ్ తిరిగి వస్తుంది: 100ను "సందాన్", 200ను "దలవందాన్", 500ను "లిమందాన్", 1000ని "ఇసాఙ్ లీబో" అంటారు. ఈ మధ్య పడే 120, 150, 280 వంటి ధరలనే ఎక్కువమంది ఇంగ్లీషులో చెబుతారు. మీరు చేపల దగ్గర విన్నది అదే. చాలామంది నోట ఫకారం పకారంగా పలుకుతుంది కనుక 150 మీకు "వన్ పిప్టీ"గా వినబడవచ్చు. దానికి చెవిని ముందే సిద్ధం చేసుకోండి.

స్పానిష్ అంకెలతో "పేసోస్" అనీ తగాలోగ్ అంకెలతో "పీసో" అనీ అంటారన్నది కూడా గమనించండి. "బేంతె పేసోస్" అన్నా "దలవంపూఙ్ పీసో" అన్నా ఇరవయ్యే. "బేంతె పీసో" అంటే అర్థమవుతుంది గాని ఆ జత అంతగా కుదరదు.

ఇక గడియారం పూర్తిగా స్పానిష్. ఒంటిగంటకు "అలా ఊనా", రెండు మొదలు "అలాస్ దోస్", "అలాస్ త్రేస్", "అలాస్ క్వాత్రో", "అలాస్ సింకో", "అలాస్ సాయిస్", "అలాస్ సియేతె", "అలాస్ ఓచో", "అలాస్ న్వేబె", "అలాస్ దియేస్", "అలాస్ ఓన్సె", "అలాస్ దోసె". పన్నెండుకు దోసె అన్న మాట తెలుగువారికి ఎలాగూ మరపు రాదు. ఏ పూటో చెప్పడానికి "నఙ్ ఉమాగా" అని ఉదయానికి, "నఙ్ హాపోన్" అని మధ్యాహ్నానికి, "నఙ్ గబీ" అని రాత్రికి చేరుస్తారు. ఏడున్నర అయితే "అలాస్ సియేతె ఇ మేద్యా", ఎనిమిదింపావు అయితే "అలాస్ ఓచో కిన్సె". "ఇకవలో నఙ్ ఉమాగా" అన్న తగాలోగ్ రూపం ఆహ్వానపత్రికలలోను, అధికారిక ప్రకటనలలోను కనిపిస్తుంది గాని ఇంటి ముందు వ్యాను డ్రైవరు దానిని వాడడు. ఆఫీసులో జీతాల రోజు వచ్చినప్పుడు "కిన్సేనాస్" అన్న మాట మా సహోద్యోగులందరి నోటా ఉంటుంది. నెలకు రెండు దఫాలు, సాధారణంగా 15న ఒకసారి, నెలాఖరున ఒకసారి జీతం ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ, కిన్సె అంటే 15. మీ ఇంట్లో పనికి ఎవరినైనా పెట్టుకుంటే ఈ మాట మీకూ అవసరమవుతుంది.

అడగడానికి రెండు మాటలు చాలు. ధరకు "మగ్‌కానో", సంఖ్యకు "ఇలాన్". మన "ఎంత", "ఎన్ని" ఉన్నట్లే ఇవీ వేరువేరు. వీటిలో ఏదైనా సరే "పో" చేర్చి అడగండి. "మగ్‌కానో పో?" అంటే "ఎంతండీ?" అన్నట్లే. అమ్మే ఆమెను "ఆతె" అని, మగవారిని "కూయా" అని పిలిస్తే, అంటే అక్కా, అన్నా అని పిలిస్తే, మీ తరువాతి ప్రశ్నకు సమాధానం మరింత నెమ్మదిగా, స్పష్టంగా వస్తుంది.

సమాధానం: భాషాబోధనలో ఉన్న సభ్యురాలు

పై సమాధానం వాడుకను చక్కగా చెప్పింది కనుక నేను ఙ్, "నా" గురించిన ప్రశ్నకే పరిమితమవుతాను. నిజానికి తగాలోగ్ లెక్క మొత్తానికి తాళంచెవి అదే, చాలా పాఠాలలో దీనిని ఎందుకో చివరికి నెట్టివేస్తారు.

సంఖ్యను వస్తువు పేరుతో కలపడానికి ఒక అతుకు కావాలి. సంఖ్య అచ్చుతో ముగిస్తే ఆ అతుకు ఙ్ రూపంలో దానికే అంటుకుంటుంది: ఇసాఙ్, దలవాఙ్, తత్లోఙ్, లిమాఙ్, పితోఙ్, వలోఙ్, సంపూఙ్. సంఖ్య హల్లుతో ముగిస్తే "నా" అని విడిగా వస్తుంది. పదిలోపు హల్లుతో ముగిసేవి మూడే: ఆపత్, ఆనిమ్, సియామ్. కనుక "ఆపత్ నా ఇత్లోగ్", "ఆనిమ్ నా ఇత్లోగ్", "సియామ్ నా ఇత్లోగ్". మిగిలిన ఏడింటికీ ఙ్ తప్ప మరొకటి లేదు. ఈ ఙ్ ధ్వనికి ఇంగ్లీషులో రెండు అక్షరాలు రాస్తారు కనుక దానిని చూసి "దలవాంగ్" అని గకారం వినబడేలా పలుకుతుంటారు. అలా కాదు. మన "వాఙ్మయం"లో ఉన్న ఙకారాన్ని అక్కడే ఆపితే వచ్చే ధ్వని అది. ఇంగ్లీషువారికంటే మనకు దీనిని రాసుకోవడం తేలిక, మన వర్ణమాలలో దానికి అక్షరమే ఉన్నది. అలాగే వీరి త, ద ధ్వనులు దంత్యాలు. ఇంగ్లీషు అక్షరాలను చూసి "టట్లో", "డలావా" అనకూడదు, తత్లో, దలవా అనాలి. ఊనిక ఆపత్, ఆనిమ్‌లకు మొదటి అక్షరం మీద, మిగిలిన వాటన్నిటికీ చివరి అక్షరం మీద పడుతుంది.

ఇప్పుడు ఇదే అతుకును పట్టుకుని పదుల లెక్కలోకి వెళ్లండి. "పూ" అంటే పది. దలవా, ఙ్, పూ కలిసి పలుకుబడిలో దలవంపూ అయింది, అది 20. 30 తత్లుంపూ, 50 లిమంపూ, 70 పితుంపూ, 80 వలుంపూ. హల్లుతో ముగిసే ఆ మూడింటికీ "నా" వస్తుంది కనుక 40 ఆపత్నపూ, 60 ఆనిమ్నపూ, 90 సియామ్నపూ. వందలకూ ఇదే పద్ధతి. 200 "దలవాఙ్ దాన్", 300 "తత్లోఙ్ దాన్", కాని 400 "ఆపత్ నా రాన్". రెండు అచ్చుల నడుమ పడిన దకారం రేఫగా మారుతుంది కనుక 400, 600, 900లలో దాన్ కాస్తా రాన్ అవుతుంది. అంటే పదులకు, వందలకు, వేలకు మీరు కొత్తగా కంఠస్థం చేయవలసిన మాటలు పూ, దాన్, లీబో మాత్రమే, మిగిలినదంతా నియమమే నడిపిస్తుంది. ఒకట్లను చేర్చడానికి మధ్యలో త్ వస్తుంది: 21 "దలవంపూత్ ఇసా", 35 "తత్లుంపూత్ లిమా".

పదకొండు నుండి పంతొమ్మిది వరకు వేరే ఏర్పాటు. "లబి" అంటే మిగులు. పది అన్న మాట చెప్పకుండానే, పదికి మించి ఇంత అని చెప్పే పద్ధతి ఇది. దాని చివరి అనునాసికం తరువాతి అక్షరాన్ని బట్టి మారుతుంది. లబిందలవా, లబింతత్లో, లబింపితో అని తెలుగులో సున్నతో రాసుకుంటే ఆ మార్పును మన నాలుక తనంతట తానే చేసేస్తుంది, ఎందుకంటే "అందం", "పంతం", "చెంప" అన్నప్పుడు మనం చేసేది అదే. అయితే "హంస" అన్నప్పుడు సున్నను మకారంగా పలుకుతాము కనుక 15ను, 19ని మాత్రం లబిన్లిమా, లబిన్సియామ్ అని నకారంతోనే రాసుకోవాలి. అచ్చుల ముందు, వకారం ముందు ఙ్ నిలుస్తుంది: లబిఙ్-ఇసా, లబిఙ్-ఆపత్, లబిఙ్-ఆనిమ్, లబిఙ్‌వలో. అచ్చు ముందు ఒక్క క్షణం గొంతు ఆపి పలకాలి, లేకపోతే "లబింగిసా" అయి వినేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినవి మరి రెండున్నాయి. మనకు రెండు, ఇద్దరు అని వస్తువులకూ మనుషులకూ వేర్వేరు మాటలు ఉన్నాయి. తగాలోగ్‌లో ఆ తేడా లేదు, "దలవాఙ్ మంగా" అన్నట్లే "దలవాఙ్ బాతా", అంటే ఇద్దరు పిల్లలు. మన భాషలో రెండు పండ్లు, నాలుగు గుడ్లు అని నామానికి బహువచనం తప్పదు గాని, ఇక్కడ సంఖ్య చెప్పిన తరువాత బహువచనాన్ని సూచించే "మఙా" వాడరు. సంఖ్యకు ముందు ఆ "మఙా" వస్తే అర్థమే వేరు: "మఙా సంపూ" అంటే సుమారు పది, మన "ఓ పది" అన్నట్లు.

నేర్చుకునే పద్ధతి గురించి నాదొక గట్టి అభిప్రాయం. అంకెలను వట్టిగా వల్లె వేయకండి. మొదటిరోజు నుండే ఏదో ఒక వస్తువుతో కలిపి చెప్పండి. వట్టి పాఠంలా కంఠస్థం చేసినవారు బజారులో నిలబడి ఙ్ కావాలా, "నా" కావాలా అని ఆలోచించవలసి వస్తుంది. గుడ్ల అట్టను ముందు పెట్టుకుని "ఇసాఙ్ ఇత్లోగ్, దలవాఙ్ ఇత్లోగ్" అంటూ పది దాకా వెళ్లినవారికి ఆ ఆలోచన అవసరం రాదు.

సమాధానం: దవావ్‌లో వైద్యవిద్య చదువుతున్న సభ్యుడు

అక్కగారికి నమస్కారం. ఈ చర్చను చదివే మన తెలుగు విద్యార్థులు కూడా ఉంటారు కనుక ఒక విషయం చేరుస్తున్నాను. మనవాళ్లలో చాలామంది వైద్యవిద్యకు దవావ్ వంటి దక్షిణ నగరాలకు వస్తున్నారు. తగాలోగ్ ఇక్కడివారికి అర్థమవుతుంది గాని ఇళ్లలో, బజారులో, ఆసుపత్రి వార్డులలో వినబడేది సెబువానో, వాడుకలో బిసయా. అందులో ఒకటి నుండి పది వరకు ఊసా, దుహా, తులో, ఉపాత్, లిమా, ఉనోమ్, పితో, వలో, సియామ్, నపూలో. లిమా, పితో, వలో, సియామ్ రెండింటికీ ఉమ్మడి, మిగిలినవి వేరు. ఙ్, నా అన్న అతుకులకు బదులు ఇక్కడ "కా" అన్న ఒక్క మాటే ఉంటుంది: "దుహా కా మంగా", "ఉపాత్ కా ఇత్లోగ్". ధర అడగడానికి "తగ్‌పీలా" అంటారు. పది దాటిన ధరలకు, గడియారానికి ఇక్కడ కూడా స్పానిష్ అంకెలే, కనుక అవి నేర్చుకుంటే ఏ నగరానికి వెళ్లినా పనికివస్తాయి.

వార్డులో అంకెలు తప్పుగా వింటే నష్టం రోగికి జరుగుతుంది. "ఎన్ని రోజుల నుండి?" అన్న ప్రశ్నకు తగాలోగ్ మాట్లాడేవారు "తత్లోఙ్ ఆరవ్ నా" అంటారు, బిసయా వారు "తులో కా అద్లావ్" అంటారు, రెండూ మూడు రోజులే. "రోజుకు రెండుసార్లు" అని మందు చెప్పాలంటే తగాలోగ్‌లో "దలవాఙ్ బేసెస్ సా ఇసాఙ్ ఆరవ్", బిసయాలో "కదుహా సా ఊసా కా అద్లావ్". వయస్సు చాలామంది స్పానిష్‌లోనే చెబుతారు. "సెసేంతా", "సెతేంతా" అంటే 60, 70 అని చెవి వెంటనే పట్టుకోవాలి. ఆ రెండూ ఒకదానికొకటి దగ్గరగా వినబడతాయి కనుక, నేను సందేహం వచ్చినప్పుడల్లా రోగి చెప్పినది కాగితం మీద అంకెలలో రాసి చూపించి రూఢి చేసుకుంటాను.

ఫీజుల గురించి మాట్లాడేటప్పుడు మన లక్ష ఇక్కడ లేదన్నది గుర్తుంచుకోవాలి. లక్షను "ఇసాఙ్ దాఙ్ లీబో", అంటే వంద వేలు అంటారు, పది లక్షలు "ఇసాఙ్ మిల్యోన్". నిఘంటువులలో "లక్సా" అన్న పాతమాట కనిపిస్తుంది. అది మన సంస్కృత పదమే అయినా తగాలోగ్‌లో దాని విలువ పదివేలు. దానిని చూసి లక్ష అనుకోకూడదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. గుడ్ల అట్ట పద్ధతి నాకు ఎంతో నచ్చింది, మా పిల్లవాడు కూడా నాతో కలిసి చెబుతున్నాడు. మరొక సందేహం తీర్చగలరా? కూరగాయల దగ్గర అంకెకు ముందు "తిగ్" అని వినబడుతున్నది. అలాగే పక్కింటి ఆమె తన పిల్లల గురించి చెబుతూ "దదలవా" అన్నది. ఇవి కొత్త అంకెలా? జీప్నీలో, అంటే ఇక్కడి జనం పంచుకుని ఎక్కే బండిలో, డబ్బు ఇచ్చేటప్పుడు ఏమనాలో కూడా చెప్పండి.

సమాధానం: భాషాబోధనలో ఉన్న సభ్యురాలు

కొత్త అంకెలు కావు, ఆ రెండు రూపాలకూ తెలుగులో సరిసమానమైనవి ఉన్నాయి. "తిగ్" అన్నది మన "ఏసి" వంటిది. రెండేసి "తిగ్‌దలవా", ఐదేసి "తిగ్‌లిమా", తలా ఒకటి "తిగ్-ఇసా". టొమాటోలను పోగులుగా పెట్టి అమ్ముతారు, ఆ పోగును "తుంపోక్" అంటారు. అక్కడ "తిగ్-బేంతె" అని వినబడితే పోగు ఒక్కింటికి ఇరవై అని అర్థం. తూటికూరను, ఇక్కడి "కంకోఙ్"ను, కట్టలుగా అమ్ముతారు, ఒక కట్ట "ఇసాఙ్ తాలీ". అరకిలో "కలహాతిఙ్ కీలో". పావుకిలోకు చాలామంది ఇంగ్లీషునే వాడతారు. మొదటి అక్షరాన్ని రెట్టించిన "దదలవా" అంటే రెండే లేదా ఇద్దరే. "ఇఇసా" ఒక్కటే, "తతత్లో" మూడే. మన ఏకారం చేసే పనిని అక్కడ ఆ రెట్టింపు చేస్తుంది. మొత్తం మాటను రెట్టిస్తే అర్థం మళ్లీ మారుతుంది: "ఇసా-ఇసా" అంటే ఒక్కొక్కటిగా.

సమాధానం: మకాటీలో చాలాకాలంగా పనిచేస్తున్న సభ్యుడు

జీప్నీ గురించి నేను చెబుతాను. డ్రైవరుకు దూరంగా కూర్చుంటే మీ డబ్బు తోటి ప్రయాణికుల చేతులమీదుగా ముందుకు వెళుతుంది. అందిస్తూ "బాయద్ పో" అనండి, డబ్బు తీసుకోండి అన్నట్లు. ఎంతమందికో వెంటనే చెప్పకపోతే డ్రైవరు "ఇలాన్ ఇతో?" అని అడుగుతాడు. మీకూ పిల్లవాడికీ అయితే "దలవా పో" అంటే చాలు. ఇక్కడ వెనుక నామం లేదు కనుక ఙ్ అవసరం లేదు. చిల్లర తిరిగి రావలసి ఉంటే దానిని "సుక్లీ" అంటారు, అదీ చేతులమీదుగానే వెనక్కి వస్తుంది. ఉదయం పూట చాలా జీప్నీలలో "బర్యా లాఙ్ పో సా ఉమాగా" అన్న రాత కనిపిస్తుంది, అంటే పొద్దున్నే చిల్లర నాణేలే ఇవ్వమని విన్నపం. కనుక 500, 1000 నోట్లను ఆ వేళ బయటికి తీయకండి. ముందురోజు బజారులో వచ్చిన నాణేలను విడిగా పెట్టుకోండి.